పరధ్యానం నుంచి ధ్యానానికి: రోజూ ఐదు నిమిషాలతో మొదలుపెట్టే పద్ధతి

"నాన్నా, ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు?"

మా అమ్మాయి ఇలా అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. తన ఎదురుగానే కూర్చున్నాను. మధ్యమధ్యలో తల కూడా ఊపుతున్నాను. మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి, ఒక్క ముక్కా లోపలికి వెళ్లలేదు. ఆ పావుగంటా నేను మర్నాటి మీటింగులో మా మేనేజరుతో వాదించుకుంటున్నాను. ఆ వాదన తర్వాత ఎప్పుడూ జరగనే లేదు, అది వేరే సంగతి.

దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: పరధ్యానం. వేరే దేని మీదో ధ్యానం అన్నమాట. ధ్యానం చేయడం మా వల్ల కాదండీ అనేవాళ్లం కూడా రోజుకి గంటల తరబడి ఈ రకం ధ్యానం చేస్తూనే ఉంటాం. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని రోజులో ఏదో ఒక సమయంలో ఫోన్ ద్వారా పలకరించి, "ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా" అని అడిగారు. 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు ఎక్కడికో వెళ్లిన సమయాల్లో వాళ్లు అంత సంతోషంగా కూడా లేరు. హాయైన ఊహల్లో ఉన్నవాళ్లు సైతం పనిలో మునిగి ఉన్నవాళ్లకంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరట.

ఇప్పుడు అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్న దానికి మూలం పాళీ భాషలోని 'సతి' అనే మాట. సంస్కృతంలో స్మృతి. అంటే జ్ఞాపకం. నాకిది చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిశాక సగం తికమక తీరిపోయింది. "నేను ఇక్కడున్నాను, ఈ పని చేస్తున్నాను" అన్న సంగతి గుర్తుకు రావడమే మొత్తం విషయం. మరిచిపోతాం, గుర్తొస్తుంది, వెనక్కి వస్తాం. కింద రాసినవన్నీ ఈ ఒక్క కదలికను సాధన చేసే మార్గాలే.

మొదలుపెట్టే ముందు ఒక అపోహ

"కూర్చుంటే ఆలోచనలు ఆగడం లేదు, నాకు ధ్యానం కుదరదు" అని చాలామంది మూడో రోజే మానేస్తారు. నేనూ అలా రెండుసార్లు మానేశాను. ఆలోచనలు ఆగవు. ఆపాల్సిన పని కూడా లేదు. గుండె కొట్టుకున్నట్టే మెదడు ఆలోచిస్తుంది. 2001లో మార్కస్ రైకల్ అనే న్యూరాలజిస్టు, ఆయన బృందం మెదడులో కొన్ని భాగాలు మనం ఏ పనీ చేయనప్పుడే ఎక్కువ చురుగ్గా ఉంటాయని గమనించి, దానికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టారు. నిన్నటి సంగతులు నెమరేయడం, రేపటి సంగతులు అల్లుకోవడం, మన గురించి మనం కథలు చెప్పుకోవడం, ఇవన్నీ ఆ భాగాలు పని చేస్తున్నప్పుడు జరిగేవే. కాబట్టి కళ్లు మూసుకోగానే ఆలోచనలు ముసురుకుంటే మీలో లోపం ఏమీ లేదు, మెదడు తన డ్యూటీ తాను చేస్తోంది.

రెండో మాట. ధ్యానం చేస్తే వెంటనే ప్రశాంతత వస్తుందని ఎదురుచూడకండి. కొన్ని రోజులు వస్తుంది. కొన్ని రోజులు కూర్చున్న ఐదు నిమిషాలూ చిరాకుగానే గడుస్తాయి. ఆ చిరాకు ఉందని తెలిస్తే చాలు, ఆ రోజు లెక్కలోకి వచ్చినట్టే.

మెట్టు 1: వేళ కుదుర్చుకోవడం

"ఖాళీ దొరికినప్పుడు చేస్తాను" అనుకుంటే ఆ ఖాళీ ఎప్పటికీ దొరకదు. గడియారంలో ఒక టైమ్ పెట్టుకోవడం కూడా అంత నమ్మకమైన పద్ధతి కాదు, ఒక రోజు ఆలస్యంగా లేస్తే మొత్తం తారుమారవుతుంది. నాకు పనిచేసింది ఏమిటంటే, రోజూ ఎలాగూ తప్పని పని ఒకదానికి దీన్ని తగిలించడం. పళ్లు తోముకోగానే కూర్చోవడం. లేదా ఆఫీసు నుంచి రాగానే, బ్యాగు పక్కన పెట్టగానే. పనికి పని ముడిపడిపోతే గుర్తుపెట్టుకోవాల్సిన భారం తగ్గుతుంది.

ఐదు నిమిషాలు చాలు. నిజంగానే ఐదే. మొదటి రోజు ఉత్సాహంలో నేను ముప్పావుగంట కూర్చున్నాను, రెండో రోజు కూర్చోవాలంటేనే భయమేసింది. "ఇంత తక్కువైతే ఏం లాభం" అనిపించేంత తక్కువతో మొదలుపెట్టడమే మంచిది, ఎందుకంటే మొదటి రెండు నెలల్లో మీరు అలవాటు చేసుకుంటున్నది ధ్యానం కంటే ముందు కూర్చోవడాన్ని. అలవాట్ల మీద ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందితో చేసిన పరిశోధన ఒకటుంది. కొత్త పని దానంతటదే జరిగిపోయేంత అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద తేడా రాలేదు కూడా. 21 రోజుల్లో ఏ అలవాటైనా అబ్బుతుందన్న మాటను పక్కన పెట్టేయండి.

చోటు గురించి ఎక్కువ చెప్పను. రోజూ ఒకే చోటైతే మేలు. పూర్తి నిశ్శబ్దం అక్కర్లేదు. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, చేతికి అందనంత దూరంలో బోర్లించండి. టైమర్ తప్పనిసరి. లేకపోతే ఐదు నిమిషాల్లో నాలుగు "ఐదు అయ్యాయా" అన్న ఆలోచనతోనే పోతాయి.

మెట్టు 2: కూర్చోవడం

పద్మాసనం వేయాల్సిన అవసరం లేదు. వేయగలిగితే వేయండి, మోకాళ్లు నొప్పి పెడితే కుర్చీలో కూర్చోండి. కింద కూర్చునేటప్పుడు దిండు గానీ మడిచిన దుప్పటి గానీ పిరుదుల కింద వేసుకుని, తుంటి మోకాళ్లకంటే కాస్త ఎత్తులో ఉండేలా చూసుకోండి. ఈ చిన్న మార్పుతో నడుము దానంతటదే నిలబడుతుంది. అది లేకుండా వీపు నిటారుగా పెట్టాలని బిగబడితే రెండు నిమిషాల్లో కూలబడతారు. కుర్చీలోనైతే రెండు పాదాలూ నేలకు ఆనాలి, వీపు కుర్చీకి చేరగిలబడకుండా కాస్త ముందుకు ఉండాలి.

చేతులు ఒళ్లో ఎలా ఉంటే అలా. ఏ ముద్రా అక్కర్లేదు. గడ్డం కొద్దిగా కిందికి. పళ్లు బిగబట్టి ఉంటాయి, చూసుకోండి, వదిలేయండి. భుజాలు కూడా అంతే, మనకు తెలియకుండానే చెవుల దాకా లేచి ఉంటాయి. కళ్లు మూసుకోవచ్చు. నిద్ర వస్తున్నా, కళ్లు మూసుకుంటే గాభరాగా అనిపించినా, సగం తెరిచి రెండు మూడు అడుగుల ముందు నేల వైపు చూపు వదిలేయండి.

కాలు తిమ్మిరెక్కితే మార్చుకోండి. తిమ్మిరి నరం మీద పడే ఒత్తిడి వల్ల వచ్చేదే, దాన్ని భరిస్తే పుణ్యమేమీ రాదు.

మెట్టు 3: శ్వాసను పట్టుకోవడం

శ్వాస మీదే ఎందుకు? దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి నాకు. ఎక్కడికి వెళ్లినా మన వెంటే ఉంటుంది. దానంతటదీ జరుగుతుంది, మనం కావాలంటే మన చేతిలోకీ వస్తుంది, ఒంట్లో ఇలాంటి పనులు అరుదు. మూడోది అసలైనది: నిన్నటి శ్వాసను ఇప్పుడు తీసుకోలేం, రేపటిదీ తీసుకోలేం. శ్వాస తెలుస్తోందంటే మనం ఇప్పుడు, ఇక్కడ ఉన్నట్టే.

ముందు శ్వాస ఒంట్లో ఎక్కడ బాగా తెలుస్తోందో వెతకండి. కొందరికి ముక్కు రంధ్రాల దగ్గర, గాలి లోపలికి వెళ్లేటప్పుడు చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా. కొందరికి ఛాతీ దగ్గర. కొందరికి పొట్ట దగ్గర, పొంగుతూ, తగ్గుతూ. బర్మాకు చెందిన మహాసీ సయాడో అనే బౌద్ధ గురువు పొట్ట కదలికను చూడమనేవారు. భారతదేశంలో 1969 నుంచి విపశ్యన నేర్పిన ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయంలో ముక్కు దగ్గర నుంచి మొదలుపెడతారు. ఏది గొప్పది అన్న చర్చలోకి దిగకండి. ఒకటి ఎంచుకుని కనీసం రెండు వారాలు దాన్ని వదలకండి. రోజుకొకటి మారిస్తే ఏదీ కుదరదు.

శ్వాసను గమనించడం మొదలుపెట్టగానే ఒక విచిత్రం జరుగుతుంది. అప్పటిదాకా హాయిగా నడిచిన శ్వాస, చూడగానే తడబడుతుంది. మనమే బలవంతంగా పీలుస్తున్నట్టు ఉంటుంది. ఎవరైనా చూస్తుంటే మన నడక మనకే కొత్తగా అనిపించినట్టు. కంగారు పడకండి, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. ఈలోపు నేను వాడే చిట్కా, లోపలికి తీసుకోవడాన్ని వదిలేసి, బయటికి వచ్చే శ్వాసను మాత్రమే చూడటం. లోపలికి ఒంటి పని, బయటికి మన కాపలా.

మొదటి నెల లెక్కపెట్టుకోండి. శ్వాస బయటికి వచ్చినప్పుడల్లా మనసులో ఒక అంకె: ఒకటి, రెండు, అలా పది దాకా, మళ్లీ ఒకటి నుంచి. పది దాటి పదిహేడుకో ఇరవై మూడుకో చేరినట్టు ఉన్నట్టుండి తెలుస్తుంది. అప్పుడు నవ్వుకుని ఒకటి దగ్గరికి రండి. మూడు దాటి వెళ్లకపోయినా ఫర్వాలేదు, చాలా రోజులు నా లెక్క ఐదు దాటలేదు. పదికి చేరడం పరీక్ష పాసవడం లాంటిది కాదు. అంకె ఒక మేకు, మనసును కట్టేయడానికి.

మెట్టు 4: మనసు పారిపోయినప్పుడు

అసలు కథంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఒక ఉదయం నేను కూర్చున్న తీరు ఉన్నదున్నట్టు ఇది:

ఒకటి. రెండు. శ్వాస బాగా తెలుస్తోంది. మూడు. ఈ రోజు బాగా కుదురుతున్నట్టుంది. నాలుగు. బయట ఏదో బండి హారన్. మన బండి సర్వీసింగ్‌కి ఇవ్వాలి. పోయినసారి ఇచ్చినప్పుడు వాడు చెప్పని పార్టులు కూడా మార్చి బిల్లు వేశాడు. ఈసారి ముందే కాగితం మీద రాయించుకోవాలి. "ఏమయ్యా, నేను అడగకుండా ఎందుకు మార్చావు" అని అప్పుడే అడగాల్సింది. నేనెప్పుడూ ఇంతే, ఎవరినీ గట్టిగా అడగలేను. చిన్నప్పుడు కూడా... అరే. శ్వాస.

ఆ "అరే" ఉంది చూడండి, దాని కోసమే ఇదంతా. హారన్‌కీ చిన్నతనానికీ మధ్య ఒక నిమిషం పోయి ఉంటుంది. ఆ నిమిషం నేను లేను. ఆ తర్వాత ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. గమనిస్తే, ఆ మెలకువను నేను తెచ్చుకోలేదు, అదే వచ్చింది. నా చేతిలో ఉన్నది ఆ తర్వాతి క్షణం ఒక్కటే. అక్కడ రెండు దారులు ఉన్నాయి. "ఛ, మళ్లీ పోయింది, నా వల్ల కాదు" అని తిట్టుకోవడం ఒకటి. అదీ ఆలోచనే, సర్వీసింగ్ బిల్లు పోయి ఇప్పుడు ఇది కొత్త పరధ్యానం. రెండోది, "ఆలోచన" అని మనసులో ఒక మాట అనుకుని, ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఒకటి దగ్గరికి రావడం.

బరువులు ఎత్తేవాళ్లకు చేయి పైకి లేచినప్పుడు కండ పెరుగుతుంది, కిందే ఉంటే పెరగదు. మనసు కదలకుండా ఐదు నిమిషాలూ ఉంటే ఆ రోజు మీకు వ్యాయామమే లేదు. ఇరవైసార్లు పారిపోయి ఇరవైసార్లు తిరిగొచ్చారా, ఇరవైసార్లు చేశారు. నాకెవరైనా ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఆ రెండుసార్లు మానేసేవాణ్ని కాదు.

పేరు పెట్టడం గురించి ఇంకో మాట. "ఆలోచన" అనే ఒక్క పేరూ చాలు. కొన్నాళ్లకు రకాలు తెలిసిపోతాయి: ప్లాను, గొడవ, పశ్చాత్తాపం, పగటికల. నా మనసుకు అన్నిటికన్నా ఇష్టమైనది గొడవ అని ఇలాగే తెలిసింది, జరగని గొడవలు ముఖ్యంగా. పేరు మెత్తగా పెట్టండి, పోలీసు కేసు రాసినట్టు కాకుండా. పేరు పెట్టాక ఆ ఆలోచన ఎందుకొచ్చింది, ఎక్కడ మొదలైంది అని తవ్వకండి. తవ్వడం ఆసక్తిగా ఉంటుంది, అదే ఉచ్చు.

"గొప్ప ఐడియా వచ్చింది, ఇప్పుడు రాసుకోకపోతే మరిచిపోతాను" అన్నది ఇంకో ఉచ్చు. నిజంగా గొప్పదైతే ఐదు నిమిషాలు ఆగుతుంది. నా అనుభవంలో టైమర్ మోగాక చూసుకుంటే వాటిలో గొప్పవి ఒకటీ అరా.

ఎదురయ్యే చిక్కులు

నిద్ర ముందు వరసలో ఉంటుంది. ఇది కొత్త సమస్య కూడా కాదు. బౌద్ధ సంప్రదాయంలో ధ్యానానికి అడ్డుపడే ఐదింటిని నీవరణాలు అంటారు, వాటిలో 'థీనమిద్ధం' ఒకటి, మబ్బు, కునుకుపాటు అని చెప్పుకోవచ్చు. వేల ఏళ్ల కిందట అడవుల్లో కూర్చున్న భిక్షువులు కూడా తూగేవారన్నమాట. కళ్లు తెరవండి, వీపు సర్దుకోండి, అప్పటికీ కాకపోతే లేచి నిలబడి చేయండి. రోజూ ఇదే జరుగుతుంటే మీకు రాత్రి నిద్ర చాలడం లేదు, ధ్యానం కంటే ముందు దాని సంగతి చూసుకోండి.

దురద నాకు బాగా నచ్చే చిక్కు. ముక్కు మీద దురద పుట్టగానే చేయి వెళ్లబోతుంది. ఒక్కసారి ఆపి చూడండి. అది ఒక్కచోటే ఉందా, కదులుతోందా? మంటలా ఉందా, చీమ పాకినట్టా? పెరుగుతోందా? చాలాసార్లు కాసేపు పెరిగి, దానంతటదే మాయమవుతుంది. గోక్కోకపోతే ప్రాణం పోయేట్టున్నది ముప్పై సెకన్లలో లేకుండా పోవడం కళ్లారా చూస్తే, సాయంత్రం ఒక ఘాటైన మెసేజ్‌కి వెంటనే జవాబు కొట్టాలన్న దురదను కూడా అలాగే చూడొచ్చని తెలుస్తుంది. మరీ భరించలేకపోతే గోక్కోండి. గోక్కుంటున్నానని తెలిసి గోక్కోండి.

బోర్. దీన్ని తక్కువ అంచనా వేయకండి. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతీ విల్సన్ బృందం కొందరిని పావుగంట పాటు ఏ పనీ లేకుండా ఒంటరిగా గదిలో కూర్చోబెట్టింది. కావాలంటే నొక్కుకోవడానికి చిన్న కరెంటు షాకు బటన్ ఒకటి పెట్టింది. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బు కూడా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్లే వాళ్లు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా నొక్కుకున్నారు. ఊరికే కూర్చోవడం మనిషికి ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోండి. బోర్ కొట్టినప్పుడు, ఆ బోర్ ఒంట్లో ఎక్కడుందో వెతకండి. నాకైతే పొట్ట పైభాగంలో, ఏదో తోస్తున్నట్టు.

టెన్షన్‌గా ఉన్న రోజు శ్వాస దగ్గరికి రావడమే కష్టంగా ఉంటుంది. అలాంటప్పుడు మొదట నాలుగైదు శ్వాసలు కావాలనే నెమ్మదిగా, బయటికి వదిలేది పొడుగ్గా తీసుకోండి. శ్వాస వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొద్దిగా తగ్గుతుంది, దాన్ని మనం వాడుకుంటున్నాం. ఆ తర్వాత శ్వాసను దాని దారిన వదిలేయండి.

మెట్టు 5: ఒళ్లంతా ఒక చుట్టు

శ్వాసతో మూడు నాలుగు వారాలు గడిచాక వారానికి రెండుసార్లు ఇది చేసి చూడండి. 1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, మందులతో తగ్గని నొప్పులున్నవాళ్ల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించుకునే ఈ శిక్షణనే ఇప్పుడు ఎంబీఎస్ఆర్ అంటారు. అందులో మొదటి వారాల్లో చేయించేది ఈ బాడీ స్కాన్‌నే.

వెల్లకిలా పడుకోండి. ఎడమ పాదం వేళ్ల దగ్గర మొదలుపెట్టి అరికాలు, చీలమండ, పిక్క, మోకాలు, తొడ, తర్వాత కుడి కాలు, అలా నడుము, పొట్ట, ఛాతీ, చేతులు, మెడ, ముఖం దాకా నింపాదిగా ధ్యాసను జరపండి. ప్రతి చోటా రెండు మూడు శ్వాసలసేపు ఆగండి. వెచ్చదనమో, బరువో, చీర అంచో చొక్కా మడతో తగులుతున్న సంగతో, ఏదుంటే అది. ఏమీ తెలియకపోతే "ఏమీ తెలియడం లేదు" అన్నదే అక్కడి సంగతి. సడలించాలని ప్రయత్నించకండి, వార్త తెలుసుకోవడానికి వెళ్లినట్టు వెళ్లి రండి. పది పదిహేను నిమిషాలు పడుతుంది. మధ్యలో నిద్రపోతారు. నేను మోకాలు దాటి వెళ్లడానికి నెల పట్టింది.

మెట్టు 6: లేచాక ఏం చేస్తారు

ఐదు నిమిషాలు కూర్చుని, మిగిలిన రోజంతా పరధ్యానంలో గడిపితే లాభం అంతంతమాత్రమే. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇదే. ఉదయం ప్రశాంతంగా కూర్చునేవాణ్ని, గంట తిరక్కుండా అరిచేవాణ్ని.

రోజూ చేసే ఒక్క చిన్న పని ఎంచుకోండి. చేతులు కడుక్కోవడం, మెట్లు ఎక్కడం, తలుపు తాళం వేయడం, ఏదైనా. వారమంతా ఆ పని చేసేటప్పుడు మాత్రం అక్కడే ఉండండి. నీళ్ల చల్లదనం, సబ్బు జారడం, చప్పుడు. ఇరవై సెకన్ల పని. తాళాన్ని ఎంచుకుంటే ఇంకో లాభం, వీధి చివరిదాకా వెళ్లి "వేశానా లేదా" అని వెనక్కి రావాల్సిన అవసరం ఉండదు. మతిమరుపు అనుకునే దానిలో చాలా భాగం ఆ పని చేసేటప్పుడు మనం అక్కడ లేకపోవడమే.

తినేటప్పుడు మొదటి మూడు ముద్దలు. అంతకుమించి అడగను. మూడు ముద్దలూ ఫోన్, టీవీ, మాటలు లేకుండా, నమిలి, రుచి తెలిసేలా. నాలుగో ముద్ద నుంచి మీ ఇష్టం.

ఫోన్ సంగతి కొంచెం వేరు. చేయి దానంతటదే జేబులోకి వెళ్తుంది, బుర్రకు తర్వాత తెలుస్తుంది. స్క్రీన్ వెలిగించే ముందు ఒక్క శ్వాస, ఒక ప్రశ్న: "దేనికి తీశాను?" జవాబు ఉంటే వాడుకోండి. జవాబు లేకపోతే కూడా, నిజాయితీగా చెబుతున్నాను, సగం సార్లు నేను వాడుతూనే ఉంటాను. కానీ మిగతా సగం సార్లు జేబులో పెట్టేస్తున్నాను, ఇదివరకు అదీ లేదు.

నడక. రోజూ నడిచే దారిలో ఒక చిన్న ముక్క, ఓ యాభై అడుగులు, పాదం లేవడం, ముందుకు రావడం, ఆనడం తెలుస్తూ నడవండి. కూర్చోవడం బొత్తిగా పడనివాళ్లు ధ్యానాన్ని నడకతోనే మొదలుపెట్టవచ్చు.

కోపం వచ్చినప్పటి సంగతి అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా విలువైనది కూడా. "కోపం వచ్చింది" అని లోలోపల పేరు పెట్టండి. అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపించింది ఏమిటంటే, ముఖాల్లో కనిపించే భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు, భయం, ఆవేశం లాంటివాటిలో చురుకయ్యే అమిగ్డలా అనే మెదడు భాగం స్పందన తగ్గింది. పేరు పెట్టాక ఒంట్లోకి చూడండి: దవడ బిగిసిందా, చెవులు వేడెక్కాయా, అరచేతులు ముడుచుకున్నాయా. ఆ రెండు మూడు సెకన్ల వ్యవధిలో మీరు అనబోయిన మాట ఒక్కోసారి ఆగిపోతుంది. ఆగకపోతే, అన్న పది నిమిషాలకు గుర్తొస్తుంది. కొన్ని నెలలకు ఐదు నిమిషాలకు. ఇంకొన్నాళ్లకు నోట్లోంచి మాట వస్తుండగానే. నేను ఇప్పటికి అక్కడ ఉన్నాను.

ఇక, ఎవరైనా మీతో మాట్లాడుతున్నప్పుడు వాళ్ల గొంతునే శ్వాసలా వాడుకోండి. జవాబు తయారు చేసుకోవడం మొదలైందని తెలియగానే మళ్లీ గొంతు దగ్గరికి. మా అమ్మాయి పరీక్షలు పెట్టడం ఈ మధ్య తగ్గించింది.

వర్తమానంలో ఉండటమంటే రేపటి గురించి ఆలోచించకూడదా అని అడుగుతారు. ఎందుకు ఆలోచించకూడదు? కాగితం, పెన్ను తీసుకుని కూర్చుని వచ్చే నెల ఖర్చులు లెక్కేస్తుంటే, మీరు ఇప్పుడు చేస్తున్న పని అదే, అందులోనే ఉన్నారు. స్నానం చేస్తూ అదే లెక్క ఎనిమిదోసారి వేస్తుంటే అది ప్లానింగ్ కాదు, నమిలేసిన దాన్నే నమలడం.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

ధ్యానం అన్ని రోగాలకూ మందు అన్నట్టు ప్రచారం జరుగుతోంది, నమ్మకండి. 2014లో 47 ప్రయోగాల ఫలితాలను, 3,515 మంది వివరాలను కలిపి చూసిన సమీక్షలో ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయంలో ఓ మోస్తరు మేలు కనిపించింది. మందులు, వ్యాయామం లాంటి ఇతర చికిత్సలకంటే ధ్యానం మెరుగనడానికి ఆధారం దొరకలేదు. పదేపదే వచ్చే డిప్రెషన్ మళ్లీ తిరగబెట్టకుండా చూడటానికి ఎంబీసీటీ (మైండ్‌ఫుల్‌నెస్‌తో కలిపిన మానసిక చికిత్స) అనే శిక్షణ ఉంది. అది నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది, ఒంటరిగా చేసేది కాదు.

గతంలో తీవ్రమైన మానసిక గాయం అనుభవించినవాళ్లకు కళ్లు మూసుకుని లోపలికి చూడటం ఆ జ్ఞాపకాలను ఒక్కసారిగా పైకి తేవచ్చు. అలా జరిగితే కొనసాగించకండి. కళ్లు తెరవండి, పాదాలు నేలకు గట్టిగా ఆనించండి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. లేనివి వినిపించడం, కనిపించడం లాంటి సమస్యలున్నవాళ్లు, తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. ధ్యానం కుదిరిందని వాడుతున్న మందులు సొంతంగా ఆపకూడదు. రోజుల తరబడి మౌనంగా ఉండే శిబిరాలకు మొదటి నెలలోనే పరుగెత్తకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అవి తేలిక కాదు.

ఎప్పుడు పెంచాలి, మానేస్తే ఏం చేయాలి

మొదటి రెండు వారాలు ఐదు నిమిషాలు. టైమర్ మోగినప్పుడు "అప్పుడేనా" అని ఎక్కువ రోజులు అనిపిస్తుంటే ఎనిమిదికో పదికో పెంచండి. రెండు నెలలకు పదిహేను దగ్గర ఉంటే బాగా చేస్తున్నట్టే. ఇరవై దాటాలన్న నియమం ఏమీ లేదు, నేను చాలాకాలంగా ఇరవై దగ్గరే ఆగాను. లెక్కపెట్టడం ఎప్పుడు వదలాలంటే, అంకెలు తమంతట తాము నడుస్తూ మనసు వేరే చోట తిరగడం నేర్చుకున్నప్పుడు. నేర్చుకుంటుంది, మహా తెలివైనది.

గోడ మీద క్యాలెండరులో కూర్చున్న రోజుకి ఒక టిక్కు పెట్టండి. "బాగా కుదిరింది, కుదరలేదు" అని రాయకండి. ఒక యాప్‌లో వరసగా ఎన్ని రోజులు చేశానన్న లెక్క చూసుకుంటూ నేను 40 రోజుల దాకా వచ్చాను. ఒక రోజు ప్రయాణంలో తప్పింది, లెక్క సున్నాకి పడింది. ఆ బాధతో మూడు నెలలు కూర్చోలేదు. శ్వాస కోసం కూర్చుంటున్నానా, అంకె కోసమా అన్నది అప్పటికి గాని తెలియలేదు.

మీకూ ఆపేసే రోజులు వస్తాయి. జ్వరం, ప్రయాణం, చుట్టాలు, బద్ధకం. పది రోజులు తప్పినందుకు పదకొండో రోజు గంట కూర్చుని తీర్చేద్దామనుకోకండి. పళ్లు తోముకోండి, టైమర్ మళ్లీ ఐదుకే పెట్టండి, కూర్చుని శ్వాస వదిలి ఒకటి అనుకోండి.